పందికొక్కు తవ్విన చోటు

మా దీవిలో, ఈ గరాచర్మలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు ముందుగా చేసే పని వాకిలంతా సిమెంటు పోయించుకోవడం. ఇక్కడ వాన పట్టుకుంటే వదలదు. మట్టి ఉంటే బురద, బురద ఉంటే జలగలు, జలగలు పోతే అరచేతంత నత్తలు. ఆ బాధ పడలేక జనం గోడ నుంచి గేటు దాకా సిమెంటు పరిచేసి, దాని మీద నాలుగు ప్లాస్టిక్ బకెట్లలో తులసీ కరివేపాకూ పెట్టుకుని హాయిగా ఉంటారు. మా ఇంట్లో మాత్రం గడ్డి ఉంది. అదీ ఎవరింట్లో? టైల్స్ కాంట్రాక్టరు ఇంట్లో.

మా ఆయన హోటళ్ళకీ, క్వార్టర్లకీ, కొత్త ఇళ్ళకీ నేల పరుస్తాడు. ఎక్కడికి తీసుకెళ్ళినా కాళ్ళ కిందే చూస్తాడు గానీ మనిషి మొహం చూడడు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు కూడా నన్ను సరిగ్గా చూశాడో లేదో తెలియదు, మా ఇంటి గచ్చు ఏ మూలకి ఒరిగిందో మా నాన్నకి చెప్పి వెళ్ళాడు. అలాంటివాడు సొంత వాకిట్లో గడ్డి వేస్తే చుట్టుపక్కల వాళ్ళు నవ్వకేం చేస్తారు. పక్కింటి బెంగాలీ దీదీ అయితే గోడ మీంచి తల పెట్టి, ఆవుని కూడా తెస్తున్నారా అని అడిగింది.

దీదీకి తెలియని సంగతి ఒకటుంది. ఆ గడ్డి కింద, గేటుకి ఎడమ పక్కన మందార మొక్క దగ్గర, మా పాపని పెట్టామని మా ఇంట్లో మాట. ఆ చోటుని కాపాడుకోవడం తప్ప ఆ రోజుల్లో నాకు వేరే పనేమీ లేదు. తిన్నా, కుట్టినా, నవ్వినా అన్నీ పైపైన జరిగిపోయేవి.

నెలలు నిండే పుట్టింది. ఆడపిల్ల. ఒక రాత్రి ఉండి తెల్లారాక పోయింది. ఎందుకు పోయిందో డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. ఎవరి తప్పూ లేదంది. నాకు సగం అర్థమైంది, రెండోసారి అడగలేదు. పాపని ఒకసారి నా పక్కన పడుకోబెట్టారు. జుట్టు ఒత్తుగా ఉంది. ఆ తరవాత ఏడుపు వస్తుందని అత్తా, ఆయనా, నర్సులూ అందరూ కనిపెట్టుకుని కూర్చున్నారు. రాలేదు. వాళ్ళు అలా చూస్తుంటే నాకు చిరాకు మాత్రం వచ్చింది.

అత్త నాతోపాటే ఆసుపత్రిలో ఉంది. చెప్పాల్సింది అక్కడే కొడుక్కి చెప్పింది. ఆ మాటలు నేను కళ్ళు మూసుకుని విన్నాను.

"పళ్ళు రాని పిల్లని కాల్చరు. బయటెక్కడా ఎట్టకు. మనింటి వాకిట్లోనే ఎట్టు. తల్లి రోజూ నడిసే సోట ఉంటే మళ్ళీ ఆ కడుపుకే వస్తాది."

ఇది మా అత్తకి వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి శ్రీకాకుళం ఒడ్డున వాళ్ళమ్మ చెప్పింది. ఆ కాలంలో ఓడెక్కి ఈ దీవులకి వచ్చినవాళ్ళు వలలతోపాటు, ఎండుచేపల పులుసుతోపాటు ఇలాంటివన్నీ మూటగట్టుకుని వచ్చారు. మా ఆయన లేచాడు. పాపని అందుకుని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి, "అయిపోయింది" అన్నాడు. ఎక్కడా అని నేనడగలేదు. అడగాల్సిన పనేముంది, అత్త చెప్పింది కదా.

ఇంటికొచ్చేసరికి మందార మొక్క దగ్గర చాటంత మేర కొత్త మట్టి కనిపించింది. పైన పారతో తట్టి చదును చేసి ఉంది. అత్త గేటు దగ్గరే ఆగి ఒకసారి అటు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను ఆ మట్టిని చూస్తూ మెట్టు మీద కూర్చున్నాను. అది మొదలు పొద్దున్న టీ గ్లాసుతో అక్కడే, బట్టలు ఆరేసి వచ్చి అక్కడే. చూస్తే ఏమొస్తుంది? ఏమీ రాదు. చూడకుండా ఉండలేకపోయేదాన్ని, అంతే.

కొన్నాళ్ళకి బతు బస్తీలో నేను కుట్టుపని చేసే షాపుకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాను. మెషిన్ ముందు కూర్చుంటే కాళ్ళు వాటంతటవే తొక్కేవి. ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే వేసి కుట్టేశాను. ఆ కస్టమరు వేసుకు చూసి, నేనేమైనా వంకరగా కనబడుతున్నానా అని నవ్వింది. షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాలని తెలుసు కాబట్టి నవ్వాను.

ఆ రోజుల్లోనే మా ఆయన గడ్డి తెచ్చాడు. అవతలి దీవిలో ఒక రిసార్టుకి టైల్స్ పని చేస్తుంటే అక్కడ మిగిలిన కార్పెట్ గడ్డిని గోనెసంచుల్లో వేసుకుని, ఓడ మీద ఎండిపోకుండా దారంతా నీళ్ళు చల్లుకుంటూ తీసుకొచ్చాడట. గడ్డి వేయడం మా ఆయనకి రాదు. టైల్స్ వేయడమే వచ్చు. కాబట్టి గడ్డిని చదరాలుగా కోసి, దారం కట్టి, వరస పెట్టి, రసమట్టం పెట్టి ఎత్తుపల్లాలు చూసుకుంటూ, ఒక్కో ముక్కనీ చెక్క సుత్తితో తట్టి కూర్చోబెట్టాడు. ముక్కకీ ముక్కకీ మధ్య సందు కూడా సమానంగా వదిలాడు. పని అయ్యాక వాకిలి చూస్తే ఆకుపచ్చ బాత్రూంలా ఉంది.

నాకు మాత్రం వేరేగా తోచింది. సిమెంటు మనిషి సిమెంటు పోయకుండా ఆ చోటుని మెత్తగా కప్పాడు, నోరు తెరిచి ఒక్క మాట అనకపోయినా వీడికి తెలుసు అనుకున్నాను. అప్పటిదాకా ఆయన మీద కారణం లేని కోపమొకటి ఉండేది. అది కాస్త తగ్గింది.

ఎండాకాలంలో మాకు కొళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. వచ్చిన నీళ్ళని డ్రమ్ముల్లో దాచుకుని చెంబులతో కొలిచి వాడుకుంటాం. అలాంటి చోట గడ్డికి నీళ్ళా అని వీధంతా ముక్కున వేలేసుకుంది. అత్త ఎవరికీ జవాబు చెప్పేది కాదు. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెతో తీసుకెళ్ళి ఆ మూల ఒక్కచోటే పోసేది. మిగతా గడ్డి పసుపెక్కినా మందార దగ్గర మాత్రం పచ్చగా ఉండేది.

ఆ పచ్చదనమే కొంప ముంచింది. నీళ్ళున్న చోట వానపాములు, పురుగులు. పురుగులున్న చోటికి పందికొక్కు. ఒక ఉదయం లేచి చూస్తే మందార దగ్గర గడ్డి ముక్క ఒకటి మూతలా పైకి లేచి ఉంది. పక్కన ఇంత మట్టి గుట్ట. బొరియ నా పిడికిలి పట్టేంత. నా చేతిలో టీ గ్లాసు ఎప్పుడు కింద పెట్టానో తెలియదు. దీదీ గోడ మీంచి చూసి, ఘూస్, అదే పందికొక్కు, తవ్వింది, ఒకటి వచ్చిందంటే ఇల్లు కట్టుకుంటుంది అంది. అది ఏం తింటుందని అడిగాను.

"సబ్ కుచ్," అంది దీదీ. అన్నీ తింటుందట.

ఆమె మామూలుగా అన్న మాటే. చెప్పి వెళ్ళి పప్పు దించుకుంది. నేను మాత్రం ఆ రెండు మాటల్నీ షాపుకి తీసుకెళ్ళి, సాయంత్రం మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నాను. మా వాకిలంతా ఎర్ర గులకరాయి నేల, గునపం వేస్తే చేతికే ఎదురు తన్నుతుంది. అంత నేలలో ఒకసారి తవ్వి పూడ్చిన మట్టి ఆ మూల ఒక్కటే. దానికి కావాల్సింది కూడా అలాంటి మెత్తటి మట్టే. నేను బొరియ పూడ్చి, గడ్డి ముక్కని మళ్ళీ పెట్టి, కాలితో నొక్కి వెళ్ళేదాన్ని. తెల్లారేసరికి అదే చోట అదే గుట్ట.

సలహాలకి కొదవ లేదు. ఒకరు మిరపకాయల పొగ పెట్టమన్నారు. ఒకరు డ్రమ్ముడు నీళ్ళు బొరియలో కొట్టమన్నారు. షాపులో ఒకామె గోధుమపిండిలో ఎలకల మందు కలిపి ఉండలు చుట్టి పెట్టమంది. అందరూ కలిసి చివరికి చెప్పే మాట ఒకటే, ఇంట్లోనే కాంట్రాక్టరుని పెట్టుకుని ఏడవడమెందుకు, ఆ గడ్డి పీకి టైల్స్ వేయించెయ్యి. నేను దేనికీ ఒప్పుకోలేదు. మందు పెడితే అది లోపలే చస్తుంది, మా పాప పక్కన కుళ్ళుతుంది. నీళ్ళు కొడితే మట్టి కదులుతుంది. పొగ సంగతి సరేసరి. టైల్స్ వేయాలంటే ముందు జానెడు లోతు తవ్వి చదును చేయాలి. ఇవేవీ వాళ్ళకి చెప్పలేను కదా. దిక్కుమాలిన మొండి మనిషి అనుకుని వదిలేశారు.

అత్తకి నా భయం తెలుసు. ఆమె భయం వేరు, అది ఇంకో రకం. నెలనెలా నేను దేవుడి గది వైపు రాకుండా ఉండే రోజులు ఆమె గమనించేది. ఒకసారి గిన్నె పట్టుకుని బొరియ దగ్గర నిలబడి, "కదిపితే మరి రాదమ్మా" అంది, నాతో అందో దానితో అందో. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ వస్తుందని నేను ఎదురు చూడటం లేదని ఆమెతో ఎలా అనగలను? నాకు ఇంకో పాప అక్కర్లేదు. ఉన్న పాప ఉన్నచోట ఉంటే చాలు.

మా ఆయన పద్ధతే నాకు అంతుపట్టలేదు. పందికొక్కు గురించి అతనికి ఏ కంగారూ లేదు. తవ్వితే తవ్వనీ, గడ్డే కదా అన్నట్టు ఉండేవాడు. ఒకరోజు బొరియ ఎంత లోతుందో చూద్దామని ఇనుప చువ్వ తెచ్చి లోపలికి దింపాడు. సగానికి పైగా దిగిపోయింది. ఇంకా తోస్తున్నాడు.

"తియ్యి," అన్నాను. గట్టిగానే అన్నాను, దీదీ వాళ్ళింట్లో టీవీ సౌండు తగ్గింది. "నీకు చెయ్యెలా ఆడుతోంది?"

అతను చువ్వ బయటికి లాగి, నా వైపు చూసి, ఏదో చెప్పబోయి, చువ్వకంటిన మట్టి గోడకేసి తుడిచాడు. ఆ వారమంతా మేం అన్నం పెట్టనా, పెట్టు, అన్నంత వరకే మాట్లాడుకున్నాం. రాయి అనుకున్నాను. నేల పరిచీ పరిచీ వీడు నేలే అయిపోయాడనుకున్నాను.

ఆదివారాలు పొద్దున్నే చేపలకని స్కూటరు మీద బ్రూక్షాబాద్ వైపు వెళ్ళేవాడు. ఇంటి పక్కనే మార్కెట్టు పెట్టుకుని అంత దూరమెందుకని అత్త గొణిగేది. తెలిసినవాడు తాజావి ఇస్తాడనేవాడు. కొన్నిసార్లు చేపల్లేకుండానే వచ్చేవాడు. వచ్చినా, రాకపోయినా గేటు బయటే కాళ్ళు కడుక్కుని, ఎవరినీ ముట్టుకోకుండా నేరుగా బాత్రూంలోకి పోయి తల మీంచి నీళ్ళు పోసుకునేవాడు. నీచు వాసన పడట్లేదేమో అనుకున్నాను. నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో తలస్నానమేమిటని ఒకసారి విసుక్కున్నాను కూడా.

చివరికి నేను ఒప్పుకున్నది బోను ఒక్కటే. ఎండుచేప ముక్క కాల్చి, కొబ్బరి ముక్క జతచేసి బొరియ ముందు పెట్టాను. మొదటి రోజు ఎండ్రకాయ పడింది, బోను కమ్మీ పట్టుకుని వదలనంది. తరవాత దీదీ పిల్లి పడింది, దానికి ఆమె నా మీద అలిగింది. ఆ తరవాత ఒక పందికొక్కు నిజంగానే పడింది. నల్లగా, బొచ్చు నిక్కబొడుచుకుని, బోను నిండా ఉంది. దాని మూతికి మట్టి అంటుకుని ఉంది. నేను ఆ మట్టినే చూశాను. మా ఆయన దాన్ని అడవి వైపు తీసుకెళ్ళి వదిలేసి వచ్చాడు. రెండు రోజులు వాకిలి బాగానే ఉంది. మూడో రోజుకి ఇంకోటి వచ్చింది.

వానలు మొదలయ్యాయి. ఒక పొద్దున మా ఆయన పనికి వెళ్ళిపోయాక, నేను షాపుకి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగాను. రాత్రి వానకి బొరియ నోరు వెడల్పై ఉంది. తోడి పోసిన మట్టిలో పసుపుపచ్చ గుడ్డ పీలిక కనిపించింది.

కడుపుతో ఉన్నప్పుడు, పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదని అత్త ఆంక్ష పెట్టింది. అందుకని నా పాత పసుపు నూలుచీర చించి పొత్తిగుడ్డలు చేశాను. ఊరికే చించి వాడుకుంటారు ఎవరైనా. నేను కుట్టుపని దాన్ని కదా, ఆగలేక ఒక్కోదానికీ నాలుగు వైపులా అంచు మడిచి సన్నగా కుట్టాను. వాటిలో ఒకదాంట్లోనే చుట్టి పాపని మా ఆయన చేతికిచ్చారు.

మట్టిలో ఉన్న పీలికకి అంచు ఉంది. నా కుట్టు నాకు తెలియదా.

నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. బ్యాగు మెట్టు మీద పెట్టి, మూల నిలబెట్టిన తాపీ తీసుకుని, గడ్డి ముక్కలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పేర్చాను. అతను వేసిన వరసలోనే పేర్చానని తరవాత చూసుకున్నాను. కొంచెం తవ్వాక తాపీ పారేశాను. తాపీ తగలకూడని చోట తగులుతుందని భయం. చేతులతో తోడాను. బొరియ వంపు తిరిగి మందార వేళ్ళ కిందకి పోయింది. గోళ్ళలోకి గులకరాళ్ళు దిగాయి. ఇలా తవ్వి ఏం చేద్దామనుకున్నానో నాకే తెలియదు. దాని నోటికి అందకుండా తీసుకోవాలని, అంతే.

అడుగున గూడు తగిలింది. గోనె పీచు, చిప్స్ కవరు, కొబ్బరి పీచు, ఎవరిదో బనియను ముక్క. వాటి మధ్య పసుపు గుడ్డ. దాన్ని లాగాను. దాని కింద ఇంకోటి. దాని కింద మరొకటి. ఒక్క గుడ్డలో చుట్టిన పిల్లకి ఇన్ని గుడ్డలెక్కడివి?

అత్త ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో. ఆ గుడ్డలు చూసి కూలబడిపోయింది. నా కంట పడకూడదని మిగిలిన పొత్తిగుడ్డలన్నీ మూటకట్టి వెనక షెడ్డులో సిమెంటు బస్తాల చాటున తనే దాచానంది. పందికొక్కు అక్కణ్ణుంచి లాక్కొచ్చింది. సరే. అయితే పాప ఇంకా కిందే ఉందన్నమాట. నాకు ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఎంత కిందో చూసి మళ్ళీ కప్పేద్దామని ఇంకొంచెం మట్టి తీశాను.

కింద మట్టి లేదు. ఎర్ర గులకరాయి నేల. తుడిస్తే దాని మీద గునపం గాట్లు వరసగా కనబడ్డాయి. అతను తవ్వి ఆపిన చోటు అది. గొయ్యి అక్కడితో అయిపోయింది. పక్కలకి తడిమాను. నాలుగు వైపులా అదే నేల. అత్త వంగి చూసింది, నేనూ చూశాను. గోతిలో ఏమీ లేదు, ఎప్పుడూ ఏమీ లేదు.

ఫోనులో నేనేం చెప్పానో గుర్తులేదు. మా ఆయన వచ్చేటప్పటికి నేను గోతి అంచున కాళ్ళు లోపల పెట్టి కూర్చున్నాను. అత్త మెట్టు మీద ఉంది. అతను స్కూటరు స్టాండు వేయడం కూడా మరిచిపోయి గోడకి ఆనించాడు. ఈసారి నేల చూడలేదు. నా మొహమే చూశాడు.

"ఇక్కడ లేదు," అన్నాడు.

"ఎక్కడుంది?"

"గొయ్యి తీసాను. మా అమ్మ సెప్పినట్టే తీసాను. దింపబోయాను. నా వల్ల కాలేదు." గోతి వైపు చెయ్యి చూపించాడు. "రోజూ దాని మీంచి స్కూటర్ తీసుకుని ఎల్లాలి గదా. ఇక్కడ ఒక్కత్తే ఉండాలి గదా. శ్మశానంలో ఓ పక్కని సిన్నపిల్లలదే జాగా ఉంది. అక్కడైతే పిల్లలున్నారు. వాళ్ళతో ఉంటాదని అక్కడెట్టాను."

అత్త, ఎంత పని చేశావురా అంది. గొంతు పెంచలేదు.

"మరి గడ్డెందుకు వేశావు?" అన్నాను.

"నువ్వు మట్టి సూస్తన్నావు. పొద్దున్నా అదే, సాయంత్రవూ అదే. సెప్దావంటే నోరు రాలేదు. మట్టి కనబడకపోతే సూడవేమో అనుకున్నాను."

న్యాయంగా నాకు అప్పుడు కోపం రావాలి. ఇన్నాళ్ళు నన్ను ఉత్త మట్టికి కాపలా పెట్టాడు. చువ్వ దింపిన రోజైనా చెప్పవచ్చు, చెప్పలేదు. ఇవన్నీ తరవాత అన్నాను, కడుపునిండా అన్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడూ అంటాను. ఆ క్షణంలో మాత్రం నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"అక్కడ పందికొక్కులున్నాయా?"

"లేవు," అన్నాడు. రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "చుట్టూరా కాంక్రీటు పోసాను. పైన టైలేసాను. ప్రతి ఆదివారం ఎల్లి సూస్తన్నాను."

గేటు బయట కడుక్కున్న కాళ్ళు, తల మీంచి పోసుకున్న నీళ్ళు అప్పుడు నాకు అర్థమయ్యాయి. చేపలు సాకు మాత్రమే. శ్మశానానికి వెళ్ళొచ్చినవాడు ఇంట్లోకి అలాగే కదా వస్తాడు. నేను నీళ్ళు దండగని తిట్టాను.

ఇప్పుడే తీసుకెళ్ళమన్నాను. చేతులు కడుక్కోమన్నాడు. కడుక్కుని వచ్చేసరికి అత్త వంటింట్లోంచి ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత గట్టిగా బిగించి ఉంది. లోపల బియ్యం కడిగిన నీళ్ళు. పొద్దుటివి, గడ్డికని తీసి ఉంచినవి. నా మొహంలోకి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

వాన వెలిసి ఎండ కాసింది. శ్మశానంలో ఒక పక్కన, గోడ వారగా, చిన్న చిన్న గుట్టలున్నాయి. కొన్నిటి మీద రాయి, కొన్నిటి మీద సముద్రపు గవ్వలు, ఒకదాని మీద ప్లాస్టిక్ బొమ్మ. మా ఆయన ముందు నడిచి ఒకచోట ఆగాడు. బాత్రూంలో వేసే తెల్ల టైల్ అది, ఎక్కడో పనిలో మిగిలినది. అంచుల్లో సిమెంటు నున్నగా తీశాడు. పేరు లేదు. పెట్టలేదు కదా మేము. నేల అంతా ఎగుడుదిగుడుగా ఉంది గానీ ఆ టైల్ మాత్రం మట్టంగా ఉంది. రసమట్టం పట్టుకొచ్చి చూసుకుని ఉంటాడు. ఒక్కడే వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క సుత్తితో తట్టి ఉంటాడు.

టైల్ మీద చెయ్యి పెట్టాను. ఎండకి అప్పుడే కాలుతోంది. అబ్బా, కింద పిల్లకి ఎంత వేడిగా ఉందో అనుకున్నాను. అనుకోగానే ఎక్కడినుంచో ఏడుపు వచ్చింది. ఆసుపత్రిలో అందరూ ఎదురు చూసినప్పుడు రానిది, వాకిట్లో రానిది, అప్పుడు వచ్చింది. మా ఆయన పక్కన కూర్చున్నాడు. ఏడుస్తూనే సీసా మూత తీసి ఆ నీళ్ళు టైల్ మీద పోశాను. సీసా ఖాళీ అయ్యేదాకా పోశాను.